గోస్తని లోయలో అడ్డదుంగలు

ఆ సైకిలు ఓడలోంచి దిగింది. ఏ దేశపు ఓడో మాకు తెలియదు. దాని గొట్టాల మీదున్న అక్షరాలు చదవగలిగినవాళ్ళు విశాఖ పాత ఊళ్ళో ఎవరూ లేరు. పోర్టులో వారం రోజులు ఆగిన ఓడ నుంచి ఒక నావికుడు దాని మీద ఊరంతా తిరిగాడట. ముందు చక్రం వంకరపోతే పాతపోస్టాఫీసు దగ్గర సందులోని సైకిలు షాపులో ఇచ్చి, మర్నాడు వస్తానని సైగ చేసి వెళ్ళాడట. ఓడ అనుకున్నదానికంటే ముందే బయల్దేరిపోయింది. అతను మళ్ళీ రాలేదు. షాపు నడిపే పెద్దాయన ఏడాది పాటు దాన్ని తుడుస్తూ, గాలి కొడుతూ, పైకప్పుకు వేలాడదీసి ఎదురుచూశాడు.

ఆయన్ని అందరూ భాయ్ అనేవారు. తొంభైల చివర్లో మాకు కొత్తగా పెళ్ళయి అల్లిపురంలో అద్దెకు ఉండేవాళ్ళం. మా నాన్నగారు పోర్టు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు కాబట్టి నేను పుట్టి పెరిగింది విశాఖపట్నంలోనే. ద్వారకా నగర్‌లో ఒక కోచింగు సెంటర్లో ఫిజిక్సు చెప్పేదాన్ని. మా ఆయనది విజయనగరం పక్క పల్లెటూరు. స్టీలు ప్లాంటులో టెక్నీషియను. ఆయన పాత సైకిలుకు పంక్చరు వేయించడానికి ఇద్దరం ఒకరోజు భాయ్ షాపుకు వెళ్ళాం.

“ఏటి భాయ్, పైన గబ్బిలంలాగ ఏలాడతంది?” అన్నారు మా ఆయన, తల పైకెత్తి.

“ఊళ్ళో తిరిగే బండి కాదు బాబూ. టైర్లు చూడు, ఎంత లావున్నాయో. కొండలెక్కే జానవర్ ఇది. సముద్రం దాటి వచ్చి నా కొట్లో ఇరుక్కుపోయింది,” అన్నాడు భాయ్.

కిందికి దించి మా ఆయన ఎక్కి చూశారు. మోకాళ్ళు హ్యాండిలుకు తగిలాయి. నావికుడు పొట్టివాడై ఉండాలి. నేనెక్కితే నా కొలతలు తీసుకుని చేసినట్టుంది. చున్నీ నడుముకు బిగించి ఆ సందు చివరిదాకా తొక్కి వెనక్కి వచ్చేసరికి భాయ్ నవ్వుతున్నాడు. “దీనికి యజమాని దొరికిందిలే,” అన్నాడు. మా ఆయన మొహం కాస్త చిన్నబోయింది గానీ, ఒక్క క్షణమే. “అయితే నాకోటి కట్టు భాయ్,” అన్నారు. ఓ నెలలో భాయ్ పాత గట్టి ఫ్రేములోకి లావు టైర్లు పట్టేలా ఫోర్కు వెడల్పు చేసి ఆయనకూ ఒక బండి తయారుచేశాడు. దానికి గేర్లు లేవు, దాని బరువు మాత్రం నా బండికి ఒకటిన్నర రెట్లుంటుంది.

ఆ రోజుల్లో పెళ్ళయిన ఆడది సైకిలు తొక్కడమే వింత. కొండల్లో తొక్కుతుందంటే ఇంకెంత వింతో చెప్పనక్కరలేదు. మా ఇంటి ఓనరమ్మ మేడ మీంచి చూసి, “మీ ఆయనకి స్కూటర్ లేదా అమ్మా?” అని జాలిగా అడిగేది. మా ఆయన మాత్రం ఏనాడూ వద్దనలేదు, గొప్పగానూ చెప్పుకోలేదు. ఆదివారం పొద్దున్నే రెండు బళ్ళకూ గాలి చూసి, “పద, ఎండెక్కిపోతాది,” అనేవారు. అంతే. ఇప్పుడు తలుచుకుంటే ఆ ‘అంతే’ ఎంత పెద్దదో అర్థమవుతుంది.

మొదట సింహాచలం కొండ వెనక ఎర్రమట్టి బాటల్లో తిరిగాం. అవి అలవాటయ్యాక ఒక ఆదివారం మా ఆయన, “కొండ మీదకి రైల్లో ఎల్లి, సైకిళ్ళ మీద దిగొచ్చేద్దాం, ఏటంటావ్?” అన్నారు. పొద్దున బయల్దేరే ప్యాసింజరులో గార్డు పెట్టె పక్క సామాన్ల పెట్టెలో సైకిళ్ళు ఎక్కించాం. సొరంగాలన్నీ దాటి బొర్రాలో దిగాం. అక్కణ్ణించి గోస్తని ఏటి వెంబడి కిందికి తాటిపూడి వైపు కాలిబాట ఉందని ఆయనకు చిన్నప్పటి నుంచి తెలుసు. వాళ్ళ ఊరి సంతకు ఆ బాటనే కొండ జనం అనాసపళ్ళు మోసుకొచ్చేవారట.

ఆ లోయను మొదటిసారి చూసినప్పటి సంగతి నాకింకా నిన్నటిలా ఉంది. ఒక పక్క అడవి మీదికి ఒరిగినట్టు నిలబడి ఉంటుంది. రెండో పక్క, బాగా కిందుగా, బండల మధ్య ఏరు హోరుమంటూ ఉంటుంది. మధ్యలో మనిషి నడిచేంత బాట. ఒకచోట ఎండుటాకుల మీద చప్పుడు లేకుండా జారిపోతాం, ఇంకోచోట వేళ్ళ మీద ఎముకలు కదిలిపోతాయి. మలుపు తిరగ్గానే చల్లటి గాలి మొహానికి కొడుతుంది. అప్పుడు తెలుస్తుంది, ఏదో వాగు దగ్గరపడిందని. ఏటవాలు తలం మీద దిమ్మె జారే లెక్క నేను ఏడాదికి పదిసార్లు బోర్డు మీద వేసేదాన్ని. ఆ దిమ్మెకు గుండె దడదడలాడుతుందని ఆ రోజే తెలిసింది.

బాట సగంలో ఇరవై ఇళ్ళ గూడెం ఒకటి ఉంది. అక్కడ మాకు అప్ప పరిచయమైంది. మా ఆయన వైపు వయసులో పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళను అప్పా అంటారు. ఆయనా అలాగే పిలిచారు, నేనూ అలాగే అలవాటుపడ్డాను. యాభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. మొదటిసారి నేను ఎత్తు ఎక్కలేక సైకిలు భుజాన వేసుకుని ఆమె గుమ్మం ముందు నుంచి నడుస్తుంటే ఆపింది.

“ఏటమ్మీ, దాన్ని నువ్వు మోత్తన్నావా? అది నిన్ను మోత్తాదనుకున్నానే!” అంది.

నాకు నవ్వొచ్చి అక్కడే కూలబడ్డాను. లోపలికి వెళ్ళి చోడి అంబలి, అంటే రాగి జావ, తెచ్చి ఇచ్చింది. రెండు గుక్కల్లో తాగేశాను. మళ్ళీ పోసింది. అలా నెలకోసారి, రెండుసార్లు ఆ దారిన వెళ్ళడం, ఆమె ఇంటి ముందు కాసేపు కూర్చోవడం మామూలైపోయింది. ఆమె కొడుకు, కోడలు కూడా పలకరించేవారు. కోడలు అప్పుడు కడుపుతో ఉంది.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

గూడెం దాటాక కిలోమీటరు దూరంలో పనసచెట్ల కింద ఒక వాలు ఉంది. మొత్తం బాటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వాలు అదే. తిన్నగా, నున్నగా, రెండొందల గజాలు. అయితే దానికి అడ్డంగా, ఏటవాలుగా మూడు దుంగలు పడి ఉండేవి. వేగం అందుకునేసరికి బ్రేకు వెయ్యాలి, దిగాలి, దాటించాలి, మళ్ళీ ఎక్కాలి. ఎవరో చెట్టు కొట్టి బద్ధకించి అక్కడే వదిలేశారనుకున్నాను. ఒక ఏప్రిల్ ఆదివారం నాకు విసుగొచ్చి, “వీటిని తీసి పడేద్దామండీ,” అన్నాను. సగం భూమిలో కూరుకుపోయి ఉన్నాయవి. రాయితో తవ్వి, ఊపి ఊపి, ఇద్దరం కలిసి మూడింటినీ పీకి లోయలోకి దొర్లించాం. తర్వాత పైదాకా నడిచి వెళ్ళి, ఒక్కసారి కూడా బ్రేకు వెయ్యకుండా కిందిదాకా దిగాను. ఆ సంతోషం గురించి అబద్ధం చెప్పను. కేక పెట్టాను.

వానాకాలమంతా మేం వెళ్ళలేదు. కోచింగు సెంటర్లో కొత్త బ్యాచులు, ఆయనకు షిఫ్టులు. దసరా వెళ్ళాక మళ్ళీ రైలెక్కాం. గూడెంలో అప్ప కనపడలేదు, పొలం పనికి వెళ్ళిందన్నారు. పనసచెట్ల వాలు దగ్గరికి రాగానే బ్రేకుల మీంచి వేళ్ళు తీసేశాను. ఏప్రిల్లో చూసిన నున్నటి బాటే నా కళ్ళలో ఉంది.

సగం దిగాక చూశాను. బాట మధ్యలో మోకాటిలోతు కోత. వాన నీళ్ళు పైనుంచి కిందిదాకా నాగలితో దున్నినట్టు కోసుకుపోయాయి. ముందు చక్రం అందులో దిగింది. నేను హ్యాండిలు మీంచి ఎగిరి రాళ్ళ మీద పడ్డాను. కుడికాలు కోతలోనే ఉండిపోయింది. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు నా చెవులకే వినపడింది.

మా ఆయన వచ్చి నా కాలు చూసి తెల్లబోయారు. నా తల కింద తన చొక్కా పెట్టి, “కదలకు, నానిప్పుడే వొచ్చెత్తాను,” అని గూడెం వైపు ఎత్తుకు అడ్డంపడి పరిగెత్తారు. ఆ అరగంట ఏటి హోరు తప్ప ఇంకేమీ లేదు. భయం వేసింది. నొప్పి కంటే భయం ఎక్కువ.

ముందు వచ్చింది అప్ప. పొలంలోంచి అలాగే వచ్చినట్టుంది, చీర మోకాళ్ళ పైకి దోపి ఉంది, పాదాలకు బురద. వెనక ఆమె కొడుకు, మరో ఐదుగురు మగవాళ్ళు. ఒకరి చేతిలో పొడుగాటి వెదురు బొంగు, ఇంకొకరి భుజాన దుప్పటి. అప్ప నా కాలిని అటూ ఇటూ కదపకుండా చూసి, వెదురు బద్దలు చీల్చమని చెప్పి, తన కొంగు చింపి వాటిని కాలికి కట్టింది. “అరిసీ. అరిత్తే తప్పు నేదు,” అంది. అరిచాను.

దుప్పటిని బొంగుకు కట్టి డోలీ తయారుచేస్తుంటే కొడుకు ఆ కోతను చూస్తూ నిలబడ్డాడు.

“దుంగలెవులో పీకీసినారమ్మా. అందికే ఇలా కోసుకుపోనాది,” అన్నాడు తల్లితో. “శ్రావణంలో మనం జారినప్పుడే అనుకున్నాను.”

నేను విన్నాను. మా ఆయనా విన్నారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అక్కణ్ణించి రోడ్డు దాకా ఏడు కిలోమీటర్లు ఉంటుంది. ఇద్దరు మోస్తుంటే ఇద్దరు ముందు నడుస్తూ కొమ్మలు తప్పించేవారు, మిగతా ఇద్దరు వెనక. నూరు, నూటయాభై అడుగులకోసారి భుజాలు మార్చుకునేవారు, ఆపకుండానే. అప్ప నా పక్కనే నడుస్తూ, ఆ బద్దల కట్టు కింద చెయ్యి పెట్టి కాలిని ఊగకుండా పట్టుకుంది. దారంతా. ఆమె చెయ్యి ఒక్కసారి కూడా జారలేదు. నేను స్పృహ తప్పకుండా ఉండడానికి కాబోలు మాట్లాడుతూనే ఉంది.

శ్రావణ మాసంలో కోడలికి నొప్పులొస్తే ఇలాగే డోలీ కట్టారట. పనసచెట్ల వాలు దగ్గర ముందు మోస్తున్న కొడుకు కాలు ఆ కోతలోకి జారి బోర్లా పడ్డాడట. డోలీ నేలకు తగలకుండా వెనకవాళ్ళు ఆపారు. ఆ వాలు దిగలేక, వాగులోంచి చుట్టు తిరిగి వెళ్ళేసరికి గంట ఆలస్యమైంది. రోడ్డు పక్క చింతచెట్టు కిందే బిడ్డ పుట్టాడు, జీపు రాకముందే.

“తల్లీబిడ్డా బాగానే ఉన్నారులే. గుంటడు రాయిలాగున్నాడు,” అంది అప్ప. “ఏటి ఏడుత్తన్నావ్? దగ్గరికొచ్చీసినాం.”

నేను ఏడ్చింది నొప్పికి కాదు. ఆ మాట అప్పుడు చెప్పలేకపోయాను.

రోడ్డు మీద జీపు దొరికింది. విశాఖలో ఆసుపత్రికి చేర్చేదాకా అప్ప కొడుకు మాతోనే వచ్చాడు. నన్ను లోపలికి తీసుకెళ్ళాక, మా ఆయన కాఫీ తాగమంటే వద్దని, బస్సు దొరుకుతుందో లేదోనని వెళ్ళిపోయాడట. అతని భుజం మీద బొంగు ఒరుసుకుని చర్మం లేచిపోయి ఉందని మా ఆయన తర్వాత చెప్పారు. సైకిళ్ళు రెండూ గూడెంలోనే ఉండిపోయాయి.

మూడు నెలలు పిండికట్టుతో మంచం మీద ఉన్నాను. మా అమ్మ వచ్చి చేసింది. సైకిలు మాటెత్తితే చంపేస్తానంది. భాయ్ ఒకసారి బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. తన బండి వల్లే ఇదంతా అయిందని ఆయన దిగులు. “బ్రేకులు సరిగ్గా పట్టలేదా బేటీ?” అని రెండుసార్లు అడిగాడు. ఆయనకు మొత్తం చెప్పాను. దుంగల సంగతి మొదట చెప్పింది ఆయనకే. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, “వాళ్ళకి చెప్పాలి కదా,” అన్నాడు. అంత మెత్తగా అన్నాడు గనకే తప్పించుకోవడానికి దారి లేకపోయింది.

కట్టు విప్పాక, కర్ర ఊతంతో నడవగలిగాక, ఫిబ్రవరిలో వెళ్ళాం. మా అమ్మ కోప్పడుతూనే డబ్బాడు సున్నుండలు చుట్టి, “ఆ కట్టు కట్టినావిడ చేతికే ఇవ్వు,” అంది. బొర్రా నుంచి గూడెం దాకా ఉత్త నడక. ఎప్పుడూ గంటలో దాటే దూరానికి సగం రోజు పట్టింది.

అప్ప గుమ్మంలో చోళ్ళు చెరుగుతోంది. కోడలు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొడుకు తాడు పేనుతున్నాడు. నా కాలు చూసి అప్ప సంతోషపడింది. “అతుక్కుపోనాదే!” అని చేత్తో తడిమింది. ఇక ఆలస్యం చేస్తే చెప్పలేనని తెలిసింది.

“అప్పా, ఆ దుంగలు పీకింది నేనే,” అన్నాను.

“ఇద్దరం పీకినాం,” అన్నారు మా ఆయన.

చేట ఆగింది. అప్ప నన్ను చూసింది.

“తెలిసే పీకినావా?”

“తెలీక. ఎవరో వదిలేసినవి అనుకున్నాను. సైకిలుకు అడ్డమని...”

“అడగొచ్చు గదేటి,” అంది. “మేం ఇక్కడే ఉన్నాం గదా.”

గొంతు పెంచలేదు. తిట్టినా ఇంత తగిలేది కాదు. ఎన్నిసార్లు ఆ గుమ్మంలో కూర్చుని అంబలి తాగాను! వాన గురించి, రైలు గురించి, పిల్లల గురించి ఎన్ని కబుర్లు చెప్పుకున్నాం! బాట గురించి ఒక్క మాట అడగలేదు. బాట దానంతటదే ఉందనుకున్నాను, ఏరు ఉన్నట్టు, కొండ ఉన్నట్టు.

కొడుకు తాడు అక్కడే పడేసి లేచి వెళ్ళిపోయాడు. కోడలు బిడ్డను ఇంకో తొడ మీదికి మార్చుకుంది. అప్ప చేట గోడకు ఆనించి లేచి నిలబడింది.

“రండి. ఎలా పాతాలో సూపిత్తాను. మీరు పీకినారు, మీరే పాతండి.”

ఆ రోజు దుంగలు పాతలేదు. చెట్టు ఎంచుకోవడం, కొట్టడం, మోసుకురావడం రెండు ఆదివారాల పని. నేను కర్ర పట్టుకుని కూర్చోవడమే ఎక్కువ. మా ఆయన గునపం పట్టారు. దుంగను బాటకు తిన్నగా అడ్డం పెట్టకూడదు, ఏటవాలుగా పెట్టాలి, కింది కొస లోయ వైపు ఉండాలి. పైనుంచి వచ్చే నీళ్ళు దుంగకు తగిలి, దాని వెంబడే పక్కకు జారి లోయలోకి పోతాయి. దుంగ వెనక పెద్ద రాళ్ళు, వాటి సందుల్లో చిన్నరాళ్ళు, పైన మట్టి వేసి కాళ్ళతో తొక్కాలి. ఇదంతా తరతరాలుగా ఆ ఇరవై ఇళ్ళవాళ్ళు ఏటా వానలకు ముందు చేస్తున్న పని. బొర్రా నుంచి రోడ్డు దాకా అలాంటి దుంగలు, రాతి వరసలు, చిన్న చిన్న కాలవలు ఎన్నున్నాయో మాకు అప్పటిదాకా కనపడనే లేదు.

రెండు ఆదివారాలూ కొడుకు మా దగ్గరికి రాలేదు. మూడో ఆదివారం పొద్దున్నే మాకంటే ముందు వాలు దగ్గర ఉన్నాడు. మా ఆయన పాతిన దుంగను కాలితో తన్ని చూశాడు. కదిలింది.

“ఇలాగ కాదు బావా,” అన్నాడు. “ఇటియ్యి గునపం.”

ఆ ‘బావా’ వినగానే మా ఆయన గునపం ఇచ్చేసి అటు తిరిగి నిలబడ్డారు. ఆయన కళ్ళు నేను చూడకూడదని.

జూన్‌లో మొదటి వానకు అప్ప మమ్మల్ని ప్రత్యేకంగా రమ్మంది. “నీళ్ళు ఎటు పోతాయో వానలో నిలబడి సూడాల. ఎండలో తెలీదు,” అంది. అడ్డాకులతో అల్లిన గొడుగులు నెత్తిన పెట్టి ముగ్గురం పనసచెట్ల కింద నిలబడ్డాం. ఎర్రటి నీళ్ళు వాలు మీద పరుగెత్తుకొచ్చి మొదటి దుంగ దగ్గర తడబడి, పక్కకు తిరిగి, ఆకుల్లోకి వెళ్ళిపోయాయి. మిగిలిన కాస్తా రెండో దుంగ దగ్గర తిరిగింది. మూడోదాని కింద బాట తడిసింది, అంతే. నేను ఇన్నేళ్ళు చెప్పిన ఫిజిక్సులో అంత అందమైన ప్రయోగం ఏ లేబరేటరీలోనూ చూడలేదు. చప్పట్లు కొట్టాను. అప్ప నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, తనూ నవ్వింది.

గూడెం నుంచి సైకిళ్ళు తెచ్చుకుని, ఏడాది తిరిగాక మళ్ళీ ఎక్కాను. దుంగ దగ్గర దిగనక్కరలేదని, ముందు చక్రం కాస్త లేపి, తర్వాత ఒంటి బరువు ముందుకు వేస్తే వెనక చక్రం దానంతటదే దాటుతుందని భాయ్ తన సందులో ఇటుకలు పేర్చి నేర్పించాడు. అరవై దాటిన మనిషి, లుంగీ పైకి కట్టి, నా వెనక పరుగెత్తుతూ, “లేపు! లేపు బేటీ!” అని అరుస్తుంటే సందులో జనమంతా గుమిగూడారు. దుంగలతో ఆ వాలు అంతకు ముందుకంటే బాగుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని దిగాలి.

క్రమంగా మా ఆయన ప్లాంటులో పనిచేసే నలుగురైదుగురు మాతో రావడం మొదలుపెట్టారు. మేం ఒకటే నియమం పెట్టుకున్నాం. ఒక ఆదివారం తొక్కితే, ఇంకో ఆదివారం పలుగూ పారా పట్టుకోవాలి. కొత్తగా వచ్చినవాడు ముందు అప్ప గుమ్మంలో కూర్చుని, ఏ రాయి ఎందుకుందో విన్నాకే సైకిలెక్కాలి.

భాయ్ ఒకసారి మాతో రైల్లో వచ్చాడు, తన బళ్ళు ఎక్కడ తిరుగుతున్నాయో చూడాలని. డోలీ మోసే సంగతి అప్ప చెబుతుంటే శ్రద్ధగా విన్నాడు. తిరిగి వెళ్ళాక రెండు నెలలు కూర్చుని, ఇనుప గొట్టాలతో పడక లాంటిది చేసి, దాని కింద మధ్యలో ఒకే ఒక లావు టైరు చక్రం బిగించాడు. ముందొకరు వెనకొకరు పట్టుకుని నడిపితే మనిషిని మోయనక్కరలేదని ఆయన ఆలోచన. ఎంతో ఆశగా కొండకు తీసుకెళ్ళాం. చదునున్న చోట చక్కగా నడిచింది. రాతిమెట్లు రాగానే పడుకున్న మనిషి ఎగిరెగిరి పడ్డాడు. ఆ పడుకున్న మనిషి మా ఆయనే. “దీనికంటే నడిసెల్లిపోవడం మేలు భాయ్,” అన్నారు నడుం పట్టుకుని. గూడెం వాళ్ళు దాన్ని పారెయ్యలేదు. పనసకాయలు, అనాసపళ్ళు సంతకు చేర్చడానికి వాడుకున్నారు. ఆ మాట చెబితే భాయ్ చిన్నబుచ్చుకుంటాడనుకున్నాను. “మంచిదే. పనసకాయకి నొప్పి తెలీదు కదా,” అన్నాడు.

రెండువేల సంవత్సరం తర్వాత ఐదారేళ్ళకు అవతలి వాలు మీంచి గూడెందాకా రోడ్డు పడింది. మొదట మట్టిరోడ్డు, తర్వాత తారు. అంబులెన్సు ఇళ్ళ ముందుకే వచ్చేది. సంతకు ఆటోలు మొదలయ్యాయి. పాత బాట మీద నడిచేవాళ్ళు తగ్గారు, కొన్నిచోట్ల గడ్డి పెరిగింది. మా ఆయనకు కొంత బాధగా ఉండేది. నాకు లేదు. ఆ బాట మీద డోలీలో పడుకుని ఆకాశం చూసినదాన్ని నేను. ఇంక ఎవరూ అలా చూడక్కరలేదంటే అంతకంటే ఏం కావాలి?

“మరి దుంగలెందుకు పాతడం ఇంకా?” అని ఒకసారి అప్ప కొడుకుని అడిగారు మా ఆయన.

“పసువులు తిరుగుతాయి. మీరు తిరుగుతారు,” అన్నాడతను, మమ్మల్నీ పశువుల్నీ ఒకే వరసలో పెట్టి. అంతకంటే గొప్ప గౌరవం మాకు ఎక్కడా దొరకలేదు.

ఆ రోజుల్లోనే అప్పకు చూపు మందగించింది. విశాఖ తీసుకొచ్చి కంటి ఆపరేషను చేయించాం. మా ఇంట్లో మూడు వారాలుంది. ఆమె మా ఇంట్లో పడుకుని ఉంటే, నేను మందు చుక్కలు వేస్తుంటే, నాకెంత హాయిగా ఉండేదో చెప్పలేను. కాలు పట్టుకుని ఏడు కిలోమీటర్లు నడిచిన మనిషికి నేను చెయ్యగలిగింది గంటకో చుక్క. అయినా ఆ మూడు వారాలు నన్ను చెయ్యనిచ్చినందుకు ఆమెకు నేనే రుణపడ్డాననిపించేది.

డాక్టరు బయట తిరగొచ్చన్న రోజు, “ఏం చూడాలనుంది అప్పా?” అని అడిగాను. సినిమాకో, గుడికో అంటుందనుకున్నాను.

“మా గోస్తని ఎక్కడికెల్తాదో సూడాలి. పుట్టిందగ్గర్నుంచీ పోతానే ఉంది. ఎక్కడికో ఎవులూ సెప్పలేదు,” అంది.

బస్సులో భీమిలి తీసుకెళ్ళాను. ఏరు సముద్రంలో కలిసేచోట, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఇసుకలో నిలబడి, చాలాసేపు చూసింది. అక్కడ గోస్తని వెడల్పుగా, నెమ్మదిగా, అలసిపోయినట్టు ఉంటుంది. ఒడ్డున జాలర్లు వల దులుపుతున్నారు.

“ఇదేనా? దీనికి అరుపేదీ?” అంది.

“ఇక్కడ వాలు లేదు కదా అప్పా.”

చీర పైకి దోపి నీళ్ళలోకి దిగింది. పాదాల కింద ఇసుక జారుతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దోసిట్లో నీళ్ళు తీసి నోట్లో పోసుకుని, వెంటనే ఉమ్మేసి, పకపకా నవ్వింది. “ఓలమ్మో, ఉప్పు కషాయం!” అంటూ. వల దులుపుతున్న వాళ్ళు కూడా నవ్వారు. తర్వాత ఇద్దరం ఒడ్డున కూర్చుని కాల్చిన మొక్కజొన్న పొత్తులు తిన్నాం. ఆమె ఒక్కో గింజా వొలుచుకుని, నాకు కొన్ని పెడుతూ, ఏటి వైపే చూస్తూ తింది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చి, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.